మీత్ గమ్ర్: పల్లె కుటుంబానికి వడ్డీ లేని చేయూత

పల్లెలో ఒక కుటుంబం కుంగిపోవడానికి పెద్ద ఉపద్రవమే అక్కరలేదు. కాడి ఎద్దు చచ్చినా, ఇంటి యజమాని మంచాన పడినా అప్పు చేయక తప్పదు. ఆ అప్పు వడ్డీతో పెరిగితే భారం చివరకు బిడ్డల చదువు మీద పడుతుంది.

ఈజిప్టులోని నైలు డెల్టాలో, మీత్ గమ్ర్ పట్టణంలో, 1963లో అహ్మద్ అల్ నజ్జార్ అనే ఆర్థికవేత్త దీనికొక మార్గం చూపారు. జర్మనీలో చదువుకున్న ఆయన అక్కడి స్థానిక పొదుపు బ్యాంకుల పద్ధతిని షరీఅత్‌కు అనుగుణంగా మలిచారు.

అందులో మూడు విధాల ఖాతాలుండేవి. మొదటిది పొదుపు ఖాతా. చిన్న మొత్తాలు దాచుకొని, కావలసినప్పుడు తీసుకోవచ్చు. పొదుపు చేసినవారికి అవసరాన్నిబట్టి వడ్డీ లేని చిన్న రుణం లభించేది. రెండవది లాభనష్టాలలో పాలుపంచుకొనే పెట్టుబడి ఖాతా. మూడవది జకాత్ నిధి.

ఈ విభజనలోనే అసలు కీలకమున్నది. తీర్చగలవానికి రుణం, తీర్చలేనివానికి సహాయం. రెండింటినీ కలిపివేస్తే నిధీ నిలవదు, పేదవాడూ తేరుకోడు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను కూడా దివ్య ఖుర్ఆన్ (9:60) పేర్కొన్నది.

1967 నాటికి తొమ్మిది శాఖలుగా విస్తరించిన ఈ ప్రయోగం, అదే సంవత్సరం ప్రభుత్వ బ్యాంకుల అధీనంలోకి పోయి ఆగిపోయింది. అయినా 1971లో ఏర్పడిన నాసిర్ సోషల్ బ్యాంకు వడ్డీ లేని పద్ధతిని తిరిగి చేపట్టింది.

బిడ్డను బడి మాన్పించి కూలికి పంపాలని తండ్రి నిశ్చయించుకోకముందే ఆ ఇంటికి చేయూత అందాలి. ఆ తరువాత అందేది ఎంత పెద్ద మొత్తమైనా, పోయిన చదువును తిరిగి తేవడం కష్టం.