రూపకుండం: అస్థికలు చెప్పిన చరిత్ర

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి కుండలోని మెతుకులన్నింటినీ పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు చాలు. దీనినే పెద్దలు స్థాలీపులాక న్యాయమన్నారు. శాస్త్రపరిశోధనలోనూ ఈ న్యాయం తరచు ఉపకరిస్తుంది. అయితే కుండలో ఉన్నది ఒకే ధాన్యమని, అదంతా ఒకేసారి పొయ్యి మీదికి ఎక్కినదని ముందుగా తెలిసి ఉండాలి. అలా తెలియనప్పుడు ఒక్క మెతుకు ఎంతటి పొరపాటుకు దారితీయగలదో హిమాలయాలలోని రూపకుండమనే చిన్న సరస్సు మనకు బోధిస్తున్నది.

రూపకుండం ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని చమోలీ జిల్లాలో, త్రిశూల పర్వత సానువులలో, సముద్రమట్టానికి సుమారు 5,000 మీటర్ల ఎత్తున ఉన్నది. దాని వ్యాసం సుమారు 40 మీటర్లు మాత్రమే. సంవత్సరంలో అధికభాగం అది మంచు కప్పుకొని ఉంటుంది. మంచు కరిగిన కొద్ది వారాలలో ఒడ్డున రాళ్ళ నడుమ, నీటి అడుగున మానవ కపాలాలు, ఎముకలు బయటపడతాయి. అక్కడ మరణించినవారు వందల సంఖ్యలో ఉంటారని అంచనా.

1942లో అటవీశాఖ ఉద్యోగి ఒకరు ఈ అస్థిరాశిని చూసి అధికారులకు తెలియజేశారు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. చొరబడబోయి చలికి బలైన జపాను సైనికుల కళేబరాలేమోనని తొలుత అనుమానం కలిగింది. ఎముకలు అంత ఇటీవలివి కావని తేలడంతో ఆ అనుమానం తొలగింది. టిబెట్టు దండయాత్ర నుండి మరలివస్తూ దారితప్పిన సైన్యమని కొందరు, అంటువ్యాధి సోకిన వారని మరికొందరు ఊహించారు.

స్థానికులు చెప్పే కథ వేరు. ఆ ప్రాంత ప్రజలకు నందాదేవి ఆరాధ్య దైవం. పన్నెండేళ్ళకొకసారి జరపడం ఆచారంగా ఉన్న ‘నందాదేవీ రాజ్‌జాత్’ యాత్ర ఈ సరస్సు మీదుగానే సాగుతుంది. పూర్వం కనౌజు రాజు జస్‌ధవళుడు నర్తకీమణులను వెంటబెట్టుకొని ఆడంబరంగా ఈ యాత్రకు వచ్చాడట. ఆ అపచారానికి ఆగ్రహించిన దేవి ఇనుపగుండ్లవంటి వడగండ్లు కురిపించి అందరినీ నేలకూల్చిందట.

2004లో శాస్త్రవేత్తల బృందమొకటి సరస్సును సందర్శించింది. కొన్ని కపాలాల మీద, పైనుండి గుండ్రని బరువైన వస్తువేదో పడినట్లు పగుళ్ళు కనిపించాయి. ఆ ఎముకల కాలం క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దమని తేలింది. తలదాచుకొనే చోటు లేని ఆ లోయలో పెద్ద వడగండ్ల వాన యాత్రికులను బలిగొన్నదని నిర్ణయించారు. జానపద కథకూ శాస్త్రానికీ పొత్తు కుదిరింది. సమస్య తీరిపోయిందని అందరూ భావించారు.

కాని, హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సి.సి.ఎం.బి.) శాస్త్రవేత్తలు అంతటితో ఆగలేదు. డాక్టర్ లాల్జీ సింగ్, డాక్టర్ కె. తంగరాజ్ నాంది పలికిన పరిశోధనలో 72 మంది అస్థికల నుండి మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను పరిశీలించారు. తల్లి నుండి బిడ్డకు సంక్రమించే ఈ డి.ఎన్.ఎ. మాతృవంశాన్ని తెలుపుతుంది. వీరందరూ ఒకే ప్రాంతానికి చెందినవారు కారని అందులో సూచన కనిపించింది. ఆపైన లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాశాస్త్ర సంస్థ, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం మొదలైన సంస్థల శాస్త్రవేత్తలు కూడా కలిసి పనిచేశారు. ఫలితాలు 2019 ఆగస్టులో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో వెలువడ్డాయి.

ఈ పరిశోధకులు ఎముకలను మూడు ప్రశ్నలడిగారు. మొదటిది, నీ పూర్వులెవరు? దీనికి డి.ఎన్.ఎ. సమాధానమిస్తుంది. రెండవది, నీవు మరణించినది ఎప్పుడు? జీవి బ్రతికి ఉన్నంతకాలం ఆహారం ద్వారా శరీరంలోకి కార్బన్-14 చేరుతూనే ఉంటుంది. మరణంతో ఆ రాక ఆగిపోతుంది. ఉన్నది సుమారు 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. మిగిలిన పాళ్ళను కొలిస్తే కాలం తెలుస్తుంది. మూడవది, నీవు ఏమి తిన్నావు? వరి, గోధుమ వంటి పంటలు కార్బన్‌ను గ్రహించే తీరు ఒకటి; జొన్న, సజ్జ, రాగుల తీరు మరొకటి. ఆ భేదం వాటిని తిన్నవారి ఎముకలలో నిలిచిపోతుంది.

వచ్చిన సమాధానాలు శాస్త్రవేత్తలనే దిగ్భ్రాంతులను చేశాయి. పూర్తి డి.ఎన్.ఎ. వివరాలు లభించిన 38 మందిలో 23 మంది భారత ఉపఖండానికి చెందిన వంశీకులు. వారు కూడా ఒకే సమూహం కారు; ఏడవ శతాబ్దానికీ పదవ శతాబ్దానికీ నడుమ వేర్వేరు సమయాలలో మరణించారు. తక్కినవారిలో 14 మంది వంశం నేటి గ్రీసు, క్రీటు ప్రాంతాల ప్రజలతో సరిపోలింది! మిగిలిన ఒకరు ఆగ్నేయాసియా వంశీకులు. ఈ 15 మంది మరణించినది సుమారు క్రీ.శ. 1800 ప్రాంతంలో. అంటే రెండు వర్గాల నడుమ దాదాపు వెయ్యేళ్ళ అంతరమున్నది. వారు అలెగ్జాండరు సైనికుల సంతతి అనే ఊహకు కూడా బలం లేదు. ఆహారంలోనూ తేడా కనిపించింది. రెండు ప్రధాన వర్గాలలోనూ స్త్రీలు, పురుషులు ఉన్నారు. పరిశీలించిన వారిలో దగ్గరి రక్తబంధువులు లేరు. కనుక ఇది సైన్యమనే వాదమూ నిలువలేదు.

మరి అంత దూరపు మనుషులు ఆ మంచుకొండల్లోకి ఏల వచ్చారు? ఎట్లు మరణించారు? ఇందుకు శాస్త్రం వద్ద నేటికీ సమాధానం లేదు. వడగండ్ల వాన అబద్ధమని కాదు. తొమ్మిదవ శతాబ్దపు యాత్రికులలో కొందరిని అది బలిగొని ఉండవచ్చు. తొలి పరిశోధకులు పట్టి చూసిన మెతుకు నిజమైనదే. కుండలోని అన్నమంతా అదేననుకోవడమే పొరపాటు.

విచారించవలసిన విషయం మరొకటి ఉన్నది. దొర్లిపడే కొండరాళ్ళు ఎముకలను చెల్లాచెదురు చేస్తుండగా, పర్వతారోహణకు వచ్చినవారిలో కొందరు జ్ఞాపికలుగా వాటిని తీసుకొనిపోయారు. ప్రతి ఎముకా వేరొక కథ చెబుతున్నదని తెలిసిన తరువాత ఈ నష్టం ఎంతటిదో ఊహించవచ్చు. పోయిన ఎముకతో ఒక మనిషి చరిత్ర పోతుంది. వారు కూడా ఎవరికో తల్లిదండ్రులు, బిడ్డలు అయినవారే. వారిని గౌరవించడం మానవధర్మం. దొరికిన సమాధానంతో తృప్తి చెందక తిరిగి ప్రశ్నించడం శాస్త్రధర్మం. రూపకుండం ఈ రెండింటినీ మనకు గుర్తు చేస్తున్నది.

ప్రశ్నలు

1. స్థాలీపులాక న్యాయం అనగానేమి? రూపకుండం విషయంలో అది ఎందుకు సరిపోలేదు?
2. పరిశోధకులు ఎముకలను అడిగిన మూడు ప్రశ్నలను, వాటికి సమాధానాలు రాబట్టిన విధానాలను వివరించండి.
3. జానపద కథలో సత్యాంశం ఉండవచ్చునా? పాఠం ఆధారంగా చర్చించండి.