తుపాకీకి ముందు నడిచినవాళ్లు

విశాఖ స్టీల్‌ప్లాంటులో నాతో షిఫ్టులు చేసిన మిత్రుడిది చింతపల్లి వైపు ఊరు. వాళ్ల నాన్న వయసులో ఉన్నప్పుడు షికారీలకు అడవిలో దారి చూపేవాడు. దువ్వాడ నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నేను ఆయన పక్కనే చేరేవాణ్ణి. "పులి ముందే కనపడదు బాబూ. కొండముచ్చు చెప్తాది, తరవాత కణుజు చెప్తాది. ఆటి మాట ఇన్నోడికే పులి కనపడతాది" అనేవాడు. షికారీలు రాసిన పుస్తకాలు ఎన్ని చదివినా వేట గుట్టును ఇంత సూటిగా విప్పిన మాట నాకు దొరకలేదు.

ఆ రోజుల్లో అటవీశాఖ అడవిని బ్లాకులుగా విడగొట్టి వేటకు పర్మిట్లు ఇచ్చేది. ఏ జంతువును, ఎన్నింటిని కొట్టవచ్చో అందులో రాసి ఉండేది. పర్మిట్ చేతికొచ్చిన షికారీ సామానుతో, వంటవాడితో అటవీ బంగళాలో దిగేవాడు. తిరుపతికి దగ్గర్లోని మామండూరు బంగళా అలాంటిదే. బెంగళూరు షికారీ కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) కథల వల్ల ఆ పేరు ఇంగ్లిషు పాఠకులకూ తెలిసింది.

అసలు పని బంగళా బయట జరిగేది. దారి చూపే మనిషి తెల్లవారకముందే వాగు ఇసుకలో అడుగులు వెతికేవాడు. అడుగు అంచు పదునుగా ఉంటే జంతువు రాత్రే వెళ్లినట్టు. అంచు రాలి, పైన పురుగులు పాకిన జాడ ఉంటే పాతది. పులి చంపిన పశువు దొరికితే దాని దగ్గర్లో చెట్టు మీద చప్పుడు కాకుండా మంచె కట్టాలి. పగటి వేటైతే ఊరివాళ్లు డప్పులతో, కేకలతో జంతువును తుపాకీ వైపు తోలేవారు. గాయపడిన పులి పొదలో దూరితే నెత్తుటి చార పట్టుకుని ముందు నడిచేదీ ఈ మనిషే. పిట్టల వేటకూ అంతే. అడవికోడి ఎక్కడ మేతకు దిగుతుందో, బాతులు ఏ వేళకు ఏ మడుగులో వాలతాయో చెప్పేవాడు లేకపోతే తూటాలన్నీ దండగే.

1972 లెక్కలో దేశం మొత్తం మీద తేలినవి 1,827 పులులు. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులోనూ మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణ వాటిని తీసేసింది. వల పన్నినా, ఉచ్చు వేసినా, పక్షి గూడు పాడుచేసినా చట్టం దృష్టిలో వేటే. 2022 అంచనాలో పులులు 3,682కు చేరాయంటే ఆ కట్టడి ఎంత అవసరమో తెలుస్తుంది. ఆ చట్టాన్ని నేను మనసారా సమర్థిస్తాను.

అయితే తుపాకీతో పాటు అడవి జాడలు చదివే ఆ విద్య కూడా మూలపడకూడదు. మన ఏజెన్సీలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ విత్తనాల పూజతో పాటు వేటనూ కలుపుకున్న పండుగ. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించే ఆచారం ఉంది. కుర్రాళ్లు తండ్రుల వెంట నడిచి గాలి వాలు, అడుగుల జాడ నేర్చుకున్నది అలాంటి వేటల్లోనే.

జంతువు ప్రాణం తీయకుండానే ఆ విద్యకు చోటు చూపించవచ్చని నల్లమల చెబుతోంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోని బేస్ క్యాంపుల్లో చెంచులు కాపలాదారులుగా ఉంటున్నారు. కాలినడకన అడవి తిరుగుతారు, పులి జాడలు నమోదు చేస్తారు, దొంగవేటగాళ్ల ఉచ్చులు ఏరేస్తారు. అడవి నడుమ విడిది, అడుగులు చదివే మనిషి అలాగే ఉన్నారు. చేసే పని మారింది.

మా విశాఖకూ ఇది కావాలి. 1970 దాకా విజయనగరం రాజుల చేతిలో ఉన్న కంబాలకొండలో నేటికీ చిరుతలున్నాయి. కొండకర్ల ఆవ సరస్సులో చలికాలం వలస పక్షులు వాలుతున్నాయి. ఏజెన్సీ కొండల్లో, ఆవ గట్టున జంతువుల, పక్షుల నడత తెలిసిన పెద్దలను పిలిచి, నెలజీతమిచ్చి, కుర్రాళ్లకు నేర్పే బాధ్యత అప్పగించాలి. పర్మిట్ల కాలంలో వాళ్లకు కూలి దొరికింది, పేరు దక్కలేదు. ఇప్పుడైనా అటవీశాఖ రికార్డుల్లో వాళ్ల పేర్లు గురువులుగా ఎక్కాలి.