తీపిపై మక్కువ – దానిని మరల్చుకొను విధము



మన రేగొండ ప్రాంతమునుండి మేడారము జాతరకు పోయివచ్చినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. సమ్మక్క సారలమ్మల గద్దెలకడ బెల్లమును బెల్లమని పిలువరు, 'బంగార'మందురు. రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జరుగు నా జాతరలో మ్రొక్కు గలవారు తమ యెత్తు బంగారమును, అనగా తమ బరువునకు సరితూగు బెల్లమును, త్రాసున తూచి తల్లుల కర్పింతురు. ఇల్లు చేరిన పిమ్మట ఆ ప్రసాదమును చిటికెడేసి చొప్పున ఇరుగుపొరుగుల కెల్ల పంచుదురు. అంత విలువ గల వస్తువును మనము నేడు దినమునకు నాలుగు మాఱులు చాయలో కలుపుకొని, రుచియైనను ఎఱుగక త్రాగుచున్నాము. ఈ ప్రసంగమునకు విషయ మిదియే.

నా బాల్యమున మా యింట వేకువను జొన్నగటకయో, అంబలియో ఆహారము. బెల్లపుముద్ద ఉట్టిమీది కుండలో నుండెడిది. దానికి మా నాయనమ్మ కావలి. ఉగాదికి భక్ష్యములు, సద్దుల బతుకమ్మకు మలీదముద్దలు, సంక్రాంతికి అరిసెలు, మధ్య నెవరి యింటనైన పెండ్లి. ఇంతియే మాకు తీపి. తిన్న దినమున కడుపార తింటిమి. తినని దినములలో దానిని తలంపనైన లేదు.

చక్కెర మనకు పరాయి వస్తువు గాదు. సంస్కృతమునందలి 'శర్కర' యను మాటయే పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాఖండమునకు పోయి, అచట 'షుగర'ని పిలువబడి, తుదకు ఒక రోగమునకు పేరై మన పల్లెలకు మరలివచ్చినది. మన తెలంగాణముననే బోధనులో 1937వ సంవత్సరమున నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. అచటి పేటకు శక్కర్‌నగరమని పేరు. 2015లో ఆ కర్మాగారము మూతపడినది గాని, చక్కెర మాత్రము ప్రతి కిరాణా దుకాణమునను, ప్రతి వంటింటను స్థిరనివాస మేర్పఱచుకొన్నది.

ఒక చిన్న లెక్క చూతము. చిన్న చెంచాడు చక్కెర ఇంచుమించు 5 గ్రాములు. కప్పునకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు త్రాగువాడు చాయలోనే 40 గ్రాములు పుచ్చుకొనుచున్నాడు. కూనూరులో 1918లో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో, విడిగా కలుపుకొను చక్కెర దినమునకు 25 గ్రాములు మించరాదని చెప్పిరి. బిస్కత్తులు, మిఠాయిలు, సీసాలలోని తీపి పానీయములు ముట్టకయే మనము ఆ హద్దు దాటుచున్నాము. మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహ మున్నదనియు, మఱి 13 కోట్లకు పైగా జనులు దాని వాకిట నిలిచియున్నారనియు 2023లో భారత వైద్య పరిశోధన మండలివారి సర్వేక్షణము తెలిపినది. ఇందుకు చక్కెర యొక్కటే కారణము గాదు; కదలక కూర్చుండుట, నడుము చుట్టు క్రొవ్వు పెరుగుట, వంశానుగతము మొదలగునవియు కలవు. అయినను మన చేతిలో నున్న కారణములలో ఇది యొకటి.

ఈ లెక్కలు నే నెఱుగనివి గావు. ఎఱిగియు మారలేదు. నాతో ఇరువదియేండ్లు పాఠములు చెప్పిన మిత్రు డొకనికి మధుమేహమువలన పాదములకు స్పర్శ నశించెను. చెప్పులో గులకరాయి పడినను ఆయనకు తెలియలేదు. పుండు పడెను, మానలేదు. తుదకు మోకాలి క్రింద కాలు తీసివేసిరి. నేను చూడబోయితిని. ఆయన మంచము ప్రక్కన కూర్చుండి, వారి కోడలు తెచ్చిన చాయలో మూడవ చెంచా చక్కెర యడిగి వేయించుకొని త్రాగితిని. కప్పు క్రింద పెట్టిన పిదపగాని నేను చేసిన పని నాకు తెలియలేదు. మిత్రుడు నావంక చూచి నవ్వెను గాని యేమియు ననలేదు. మఱునాడు నేను రక్తపరీక్ష చేయించుకొంటిని. రోగము రాలేదు గాని గడపదాక వచ్చియున్నదని వైద్యులు చెప్పిరి.

తీపిపై ఇంత మక్కువ యేల? తల్లిపాలు తియ్యగా నుండును. కావున పుట్టిన బిడ్డకు తీపి సహజముగనే ప్రియము. అడవిలో తిరిగిన ఆదిమానవునకు తియ్యని పండు బలమునకు గుర్తు. చక్కెర నాలుకకు తగిలినంతనే మెదడునందు సంతోషము పుట్టును. ఆ సంతోషము కలిగిన వేళను, చోటును మెదడు గుర్తుంచుకొనును. అందువలననే నాలుగు గంటలు కొట్టగనే ఆకలి లేకున్నను చాయ జ్ఞప్తికి వచ్చును. మఱియు, ఉత్త చక్కెర రక్తములో వేగముగ కలియును. దానిని కండరములకును కాలేయమునకును చేర్చుటకు క్లోమము ఇన్సులినను రసమును విడుచును. పప్పు, కూర లేక తీపి మాత్రమే తిన్నచో కడుపు నిలువదు. కొంతసేపటికి మరల ఏదేని తినవలెననిపించును. నిద్ర చాలనినాడు, పూట తప్పిననాడు ఈ కోరిక మఱింత హెచ్చును. కావున ఇది గుణదోషము గాదు, సిగ్గుపడవలసినదియు గాదు. నేర్చిన అలవాటు; నేర్చినదానిని మరపింపవచ్చును.

నేను మొదట తొందరపడితిని. ఒక ఉగాదినాడు తీపిని, చాయను కూడ ఒక్కమాఱే మానితిని. రెండవనాటికి తలనొప్పి, మూడవనాటికి ఇంటిల్లిపాదిమీద కోపము. నాలుగవనాటి రాత్రి వంటింట డబ్బా తెఱచి బెల్లము నోట వేసికొనుచుండగా మనుమడు చూచి, "తాతా, నాకు?" అని చేయి చాచెను. వానికిని ఒక ముక్క పెట్టి, ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అప్పుడు నేను చదివిన చదువు అక్కఱకు వచ్చినది. చరకసంహిత సూత్రస్థానమునందు ఏడవ అధ్యాయమున ఒక యుపాయము కలదు. అలవాటైన అహితమును ఒక్కమాఱుగ విడువరాదు. పాదము పాదముగ, అనగా నాలుగవ వంతు చొప్పున తగ్గించుచు, ఆ మేరకు హితమైనదానిని పెంచుచు పోవలెను. అట్లు క్రమముగ విడిచిన దోషము మరల తలయెత్తదు. ఆచార్యుడు రెండు మూడు దినముల యెడమును చెప్పెను. నేను నా నాలుక మొండితనము నెఱిగి, పక్షమున కొక పాదమని నియమము పెట్టుకొంటిని.

నాకు దినమునకు నాలుగు కప్పులు, కప్పునకు మూడు చెంచాలు, వెరసి పండ్రెండు. మొదటి పక్షమున సాయంకాలపు చాయ మాని, దాని స్థానమున ఉప్పు, జీలకఱ్ఱ వేసిన మజ్జిగయు, గుప్పెడు వేయించిన సెనగలును పుచ్చుకొంటిని. తొమ్మిది చెంచాలు మిగిలినవి. రెండవ పక్షమున మిగిలిన మూడు కప్పులకు రెండేసి చెంచాలు, ఆఱు. మూడవ పక్షమున ఒక్కొక్క చెంచా, మూడు. నాలుగవ పాదమును నేను విడువలేదు. 15 గ్రాములు హద్దులోపలిదే గదా! ఒకటిరెండు నెలలు కడచిన పిదప ఒక బంధువుల యింట పూర్వపు కొలతతో చాయ ఇచ్చిరి. అది నాకు శ్రీరామనవమి పానకమువలె తోచి, సగము విడిచితిని. నాలుక మారినదని ఆనాడు నమ్మితిని. నడుమ ఒక పెండ్లిలో మూడు లడ్డూలు తిన్నమాట వాస్తవము. మఱునాడు నియమమును విడిచినట్లు భావింపక, మరల అచటనే అందుకొంటిని. పడినచోటనే లేచుట ముఖ్యము.

ఇక కొన్ని భ్రమలను తొలగించుకొందము. చక్కెర మాని బెల్లము ఎంత తిన్నను దోషము లేదని కొంద ఱందురు. బెల్లమునందును అత్యధికభాగము చక్కెరయే, తేనెయు అట్టిదే. జొన్నరొట్టె మంచిదే, దంపుడు తగ్గిన ధాన్యము నెమ్మదిగ జీర్ణమై కడుపు నిలుపును. అయినను నాలుగు రొట్టెలు తిన్నచో నాలుగు రొట్టెల ఫలమే. విస్తరిలో అన్నము గాని రొట్టె గాని కొంత తగ్గించి, ఆ చోటున పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచవలెను. పూట తప్పరాదు. తీపి జ్ఞప్తికి వచ్చినప్పుడు లేచి పది నిమిషములు వాకిట నడచినచో, పెక్కుమాఱులు ఆ కోరిక తనంత తాను చల్లారును. మిఠాయికి బదులు జామపండు తినుడు.

ఒక హెచ్చరిక. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ సూదిమందు గాని వాడువారు వైద్యుని అడుగక ఆహారమును ఆకస్మికముగ తగ్గింపరాదు, ఉపవాసములు చేయరాదు. అట్టివారికి చెమటలు, వణకు, కన్నులు తిరుగుట కలిగినచో రక్తములో చక్కెర పడిపోయినదేమో యని తలంచి, వెంటనే చక్కెర నోటికందించి దవాఖానకు తీసికొనిపోవలెను. అప్పుడు చక్కెరయే మందు. ముప్పదియేండ్లు దాటినవా రందఱును సమీపమందలి ప్రభుత్వ దవాఖానలో రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

పెద్దలారా, చివరిమాట. మనుమడు ఏడ్చినను, నవ్వినను మనము కిరాణా దుకాణమునకు తీసికొనిపోయి మిఠాయి కొనిపెట్టుదుము. అది మన ప్రేమ. కాని ఆ లేతనాలుక మన చేతినుండియే పాఠము నేర్చుచున్నది. నేనిప్పుడు నా మనుమనికి సాయంకాలము ఉడికించిన పల్లీలు ఇచ్చి, ఒక కథ చెప్పుచున్నాను. మొదట మూతి ముడిచెను. ఇప్పుడు కథకొఱకు వాడే పల్లీలగిన్నె తెచ్చి ముందు పెట్టును. వచ్చు మేడారము జాతరకు వానిని తీసికొనిపోదును. అచట తల్లుల ప్రసాదము వాని యరచేత పెట్టి, ఇది బంగారమురా యని చెప్పుదును. అరుదుగ తిన్నవానికే ఆ మాట అర్థమగును.

సెలవు.