పొట్టి తుపాకీ, పొడుగు గొట్టం

మామూలు రైఫిల్‌లో తూటాలు నింపే మ్యాగజైన్, వాటిని గొట్టంలోకి నెట్టే బోల్ట్ ట్రిగ్గర్‌కు ముందు ఉంటాయి. ట్రిగ్గర్ వెనక ఉండే మడమ ప్రధానంగా భుజానికి ఆనించుకోవడానికే పనికొస్తుంది. బుల్‌పప్ రైఫిల్ ఆ ఖాళీని వాడుకుంటుంది. బోల్ట్, మ్యాగజైన్ రెండూ ట్రిగ్గర్ వెనక్కి జరిగి మడమలోనే ఇమిడిపోతాయి. గొట్టం ఒక్క మిల్లీమీటరు కూడా కురచ కాకుండా తుపాకీ పొట్టిదవుతుంది.

గొట్టం పొడవును కాపాడుకోవడానికి కారణం ఉంది. మందు మండి పుట్టిన వాయువు బుల్లెట్‌ను గొట్టం చివరిదాకా నెడుతూనే ఉంటుంది. అందుకే గొట్టం కురచైతే బుల్లెట్ వేగం తగ్గుతుంది. 5.56 మి.మీ. బుల్లెట్ బరువు సుమారు 4 గ్రాములే కాబట్టి దాని దెబ్బ ప్రధానంగా వేగం మీదే ఆధారపడుతుంది. అమెరికా ఎం16 రైఫిల్ గొట్టం 508 మి.మీ., మొత్తం పొడవు దాదాపు ఒక మీటరు. ఆస్ట్రియా బుల్‌పప్ స్టైయర్ ఏయూజీ గొట్టం కూడా 508 మి.మీ.యే, కానీ మొత్తం పొడవు 790 మి.మీ. మాత్రమే. కవచ వాహనాల్లో ఇరుకుగా కూర్చుని ప్రయాణించే సైనికులకు, హెలికాప్టర్ నుంచి దిగేవారికి, ఇళ్ల మధ్య పోరాడేవారికి ఈ తేడా చాలా పెద్దది.

ఈ ఆలోచన బ్రిటన్‌లో 1901 నాటి థార్నీక్రాఫ్ట్ కార్బైన్‌లోనే కనిపిస్తుంది, కానీ సైన్యం దాన్ని తీసుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ ఇంజనీర్లు 7 మి.మీ. తూటాతో ఈఎం-2 అనే బుల్‌పప్‌ను రూపొందించారు. 1951లో ప్రభుత్వం దాన్ని అధికారికంగా స్వీకరించింది. అయితే నాటో దేశాలన్నీ శక్తిమంతమైన 7.62 మి.మీ. తూటానే వాడాలని అమెరికా పట్టుబట్టడంతో ఆ ఏడాదే అధికారంలోకి వచ్చిన చర్చిల్ ప్రభుత్వం ఈఎం-2ను పక్కన పెట్టింది. బ్రిటన్ బెల్జియంలో పుట్టిన ఫాల్ రైఫిల్ వైపు మళ్లింది. భారత సైన్యం దశాబ్దాల పాటు వాడిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ కూడా ఆ కుటుంబానిదే.

బుల్‌పప్‌కు అసలు గుర్తింపు 1970లలో, చిన్న తూటాల వాడకం పెరిగాక వచ్చింది. ఆస్ట్రియా సైన్యం 1977లో ఏయూజీని స్వీకరించింది. దాని ఒంటికి, మ్యాగజైన్‌కు గట్టి ప్లాస్టిక్ వాడారు. మ్యాగజైన్ పారదర్శకం కావడంతో ఎన్ని తూటాలు మిగిలాయో చూడగానే తెలుస్తుంది. గొట్టాన్ని చేత్తోనే విప్పి మార్చవచ్చు. ట్రిగ్గర్‌ను సగం లాగితే ఒక్క తూటా, పూర్తిగా లాగితే వరసగా తూటాలు పేలుతాయి. ఆస్ట్రేలియా, ఐర్లాండ్ కూడా దీన్ని ఎంచుకున్నాయి. ఆస్ట్రేలియా లిత్‌గోలోని తన కర్మాగారంలోనే తయారుచేసుకుంది. ఫ్రాన్స్ ఫామాస్‌ను, బ్రిటన్ 1985లో ఎల్85ను, చైనా 1990లలో 5.8 మి.మీ. తూటాతో క్యూబీజెడ్-95ను తమ సైన్యాలకు ఇచ్చాయి.

పొట్టితనం ఉచితంగా రాలేదు. తూటా పేలే చోటు చెంప పక్కకు రావడంతో చప్పుడు, వాయువు, ఖాళీ తొడుగు అన్నీ ముఖానికి దగ్గరయ్యాయి. ఎల్85 తొడుగులను కుడివైపే విసురుతుంది కాబట్టి ఎడమ భుజం మీద పెట్టి కాల్చడం కుదరదు. ఏయూజీలో బోల్ట్ మార్చి, తొడుగులు వెళ్లే దారిని రెండో వైపుకు తిప్పుకోవచ్చు. బెల్జియం ఎఫ్2000 వాటిని ఒక నాళం గుండా ముందుకు పంపి చిక్కును తప్పించింది. ట్రిగ్గర్‌కూ యంత్రానికీ మధ్య పొడవాటి కడ్డీ ఉండాల్సి రావడంతో, వేలు లాగినప్పుడు స్పష్టమైన పట్టు తెలియదు. మ్యాగజైన్ చంక దగ్గర ఉండటం వల్ల పడుకుని మార్చడం కష్టం. తుపాకీ మీద ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం కూడా తగ్గింది. ఆ లోటు తీర్చడానికే ఏయూజీకి 1.5 రెట్లు, ఎల్85కు 4 రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి గురులు అమర్చారు. సాధారణ సైనికుడి చేతికి దుర్భిణి గురి అందడంలో బుల్‌పప్‌లది పెద్ద పాత్ర.

ఎల్85 కష్టాలకు బుల్‌పప్ అమరిక ఒక్కటే కారణం కాదు. 1991 గల్ఫ్ యుద్ధపు ఇసుకలో అది మొరాయించి అపఖ్యాతి పాలైంది. 2000 తర్వాత జర్మన్ సంస్థ హెక్లర్ అండ్ కోఖ్ లోపలి భాగాలు మార్చాక దాని పనితీరు మెరుగుపడింది.

ఇజ్రాయెల్ రూపొందించిన బుల్‌పప్ టావర్‌ను భారత ప్రత్యేక దళాలు 2000ల తొలి ఏళ్లలో కొన్నాయి. దాని చిన్న రూపమైన ఎక్స్95 పొడవు 580 మి.మీ. మాత్రమే. సీఆర్‌పీఎఫ్ కూడా దాన్ని వాడుతోంది. మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్ దగ్గర 2017లో ప్రారంభమైన కర్మాగారం ఈ ఆయుధాలను తయారుచేస్తోంది.

ఆ దశాబ్దంలోనే కొన్ని పెద్ద సైన్యాలు బుల్‌పప్‌ల నుంచి వెనక్కి మళ్లాయి. ఫామాస్ ఫ్రాన్స్‌కే ప్రత్యేకమైన ఉక్కు తొడుగు తూటాలతో నడిచేలా రూపొందింది. ఆ రైఫిల్‌ను తయారుచేసిన సెంట్ ఎతియెన్ కర్మాగారమూ అప్పటికే మూతపడింది. ఫ్రాన్స్ 2016లో జర్మన్ హెచ్‌కే416ను ఎంచుకుంది. చైనా 2019 కవాతులో మామూలు అమరిక గల క్యూబీజెడ్-191ను ప్రదర్శించింది. న్యూజిలాండ్ కూడా ఏయూజీని వదిలింది. ఎం4 వంటి కార్బైన్లు 368 మి.మీ. గొట్టంతో, లోపలికి జరిపే మడమతో పొడవు సమస్యను దాదాపు తీర్చేశాయి. మడమను జరపగలిగితే బుల్లెట్‌ప్రూఫ్ కవచం తొడుక్కున్నవారూ, పొట్టివారూ, పొడుగువారూ ఒకే తుపాకీని తమకు తగినట్టు సర్దుకోవచ్చు. బుల్‌పప్ మడమలో యంత్రం ఉంటుంది కాబట్టి ఆ సౌలభ్యం కష్టం. కురచ గొట్టంతో కొంత వేగం పోయినా, ఈ సౌలభ్యానికి సైన్యాలు ఎక్కువ విలువ ఇచ్చాయి. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా మాత్రం మెరుగుపరిచిన ఏయూజీలనూ, బ్రిటన్ సవరించిన ఎల్85నూ కొనసాగించాయి.