పిడికెడు బియ్యము

ఆదివారమున గంట మ్రోగగానే ఉతికిన చీర గట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, బైబిలును పాటల పుస్తకమును చేబూని ఆరాధనకు పోవుట మన క్రైస్తవ కుటుంబముల వాడుక. రెండు మూడు గంటలలో ఆరాధన ముగియును. తక్కిన ఆరు దినములును మన భక్తి యెచట నుండవలెను? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు స్త్రీలు బహుకాలము క్రిందటనే వంటయింట నొక సమాధానము కనుగొనిరి. అదియే పిడికెడు బియ్యము.

చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో మచిలీపట్నమున తెలుగు మిషనును ప్రారంభించి, 1854లో ఏలూరున నెలకొనిరి. పిమ్మట గ్రామములలో సంఘమున చేరినవారిలో పెక్కండ్రు కూలిపనివారు. వారి చేతికి రూకలు వచ్చుట అరుదు. కూలి గింజల రూపముననే దొరకెడిది. కావున కానుకయు గింజలుగానే వచ్చెను. ఎసరు పెట్టి బియ్యము కొలుచునపుడు ఇల్లాలు అందుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఆదివారమున ఆ బియ్యమును గుడికి కొనిపోవును.

ఈ సీమ దోర్నకల్ అధ్యక్షమండలములో నుండిన కాలమున వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు బిషప్పుగా నుండిరి. 1912 డిసెంబరు 29న అభిషిక్తులైన ఆయన, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయుడు. పేదసంఘము సైతము తనకున్న దానిలోనుండి ఇయ్యనేర్వవలెనని ఆయన బోధించి, దానమును గూర్చి ఒక గ్రంథమే రచించిరి. దూరమున మిజోరాము కొండలలోని స్త్రీలును 1910 మొదలుకొని ఈ యాచారమునే పాటించుచున్నారు.

పిడికెడు ఏపాటి యని తలపవలదు. ముప్పదియైదు గ్రాములనియే లెక్కింతము. పూటకొక పిడికెడు చొప్పున దినమునకు రెండు పూటలు తీసిన వారమునకు రమారమి అర్ధకిలో యగును. ఏటికి 25 కిలోలు, అనగా అంగడిలో నమ్ము ఒక నిండు సంచి! అయినను దీని ఘనత తూకమున లేదు. ఈ బియ్యము అన్నము వండకమునుపే తీయబడును గాని, తిని మిగిలినదానిలోనుండి కాదు. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ప్రభువు మెచ్చుకొనుటకును కారణమిదియే గదా!

అయితే ఒక్క మాట. బియ్యము తీసిన చేయి ఆ దినమెల్ల ఇంకను అనేక కార్యములు చేయును. ఆ చేయి తాడేపల్లిగూడెపు ఉల్లి అంగడిలో తూకము వేయునపుడు ముల్లును సరిగా నిలుపుచున్నదా? చేపల చెరువున దినమెల్ల పనిచేసిన కూలిదానికి సాయంకాలమే కూలి యిచ్చుచున్నదా? మనయింట అంట్లు తోము ఆమెకు మనము త్రాగు లోటాతోనే నీరిచ్చుచున్నదా? కుమారుని వివాహమున కట్నము కొరకు చాపబడుచున్నదా? 1961లోనే కట్నమును నిషేధించు చట్టము వచ్చినను, మన క్రైస్తవ గృహములలో సైతము బేరములు సాగుచునేయున్నవి. అజరయ్యగారు 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నము లేకయే వివాహమాడిరి. పిడికెడు ఇచ్చుట సులభము. లక్షలు వలదనుట కష్టము. మన విశ్వాసమునకు పరీక్ష ఈ రెండవదియే.

మన కొల్లేటిని చూడుడు. బుడమేరును తమ్మిలేరును తెచ్చు నీటిని అది స్వీకరించి, ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు విడుచును. పుచ్చుకొనుటయే కాక విడుచుటయు నుండుటచేతనే అది బ్రతికియున్నది. విడుచు దారి చాలనపుడు నీరు లంకగ్రామములపై కెక్కును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు అట్లే లంకలు జలమయములయ్యెను. వారము వారము వాక్యమును, ప్రార్థనను, పాటను పుచ్చుకొనుచు ఏమియు వెలికి విడువని హృదయమును అట్టిదే. దానివలన ఇరుగుపొరుగు వారికి మేలు కలుగదు.

కావున అమ్మలారా, రేపటి ఉదయము ఎసరు పెట్టునపుడు పిడికెడు తీయుడు. తీయునపుడు మీ కుమార్తెను మాత్రమే గాక కుమారుని గూడ ప్రక్కకు పిలువుడు. ఇది యెవరికొరకో వానికి చెప్పుడు. కట్నమడుగని చేయి ఆ కుండ యొద్దనే తయారుకావలెను.