ఫారంలో బీపీ దాచకండి!

మా వీధి చివర ఒకావిడ జాకెట్లు కుడుతుంది. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మిషను మీదే చదివించింది. మూడేళ్ల క్రితం తెలిసిన ఏజెంటు చెబితే మూడు లక్షలకు ఆరోగ్య బీమా తీసుకుంది. ఫారం ఏజెంటే నింపాడు. ‘‘బీపీ సంగతి రాయొద్దక్కా, లేనిపోని టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు’’ అన్నాడు. సరేనని సంతకం పెట్టింది.

మొన్న వేసవిలో ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. డాక్టరు అడిగితే ‘‘ఆరేళ్ల నుంచి బీపీ మాత్ర వేసుకుంటున్నా’’ అని ఉన్నమాట చెప్పింది. అది కేసు షీటులోకి ఎక్కింది. జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు కాబట్టి డబ్బు ఇవ్వమని కంపెనీ ఉత్తరం పంపింది. మెళ్లో గొలుసు తాకట్టుకు వెళ్లింది. రెండు నెలలు మిషను ముందు కూర్చోలేదు. ఆ రెండు నెలలూ పైసా రాబడి లేదు.

ఉద్యోగస్తులకైతే ఈఎస్ఐయో, కంపెనీ తరఫు గ్రూపు బీమానో ఉంటుంది. టైలరింగ్, బ్యూటీ పార్లర్, పచ్చళ్లు, ట్యూషన్లు... ఇలా సొంతంగా ఏదో ఒకటి చేసుకునే మనకు ఆ అండ లేదు. మనమే యజమాని, మనమే గుమస్తా. మరి ఆ ఫారం మాత్రం ఎవరో ఎందుకు నింపాలి?

బీపీ ఉందని రాస్తే ఏమవుతుంది? మహా అయితే ప్రీమియం కొంత పెరుగుతుంది. బీపీకి, దాని వల్ల వచ్చే జబ్బులకు కొన్నాళ్లు ఆగాలంటారు. పాత జబ్బులకు ఈ గడువు ఇదివరకు నాలుగేళ్ల దాకా ఉండేది. 2024 నుంచి మూడేళ్లు దాటకూడదని బీమా నియంత్రణ సంస్థ చెప్పింది. ఒక్కో కంపెనీ అసలు పాలసీయే ఇవ్వనంటుంది. అలాంటప్పుడు ఇంకో కంపెనీని అడగాలి తప్ప జబ్బును దాచకూడదు.

అయిదేళ్లు ఆపకుండా కడితే, ఆ తర్వాత మోసమని రుజువైతే తప్ప, దాచారనే వంకతో క్లెయిమ్ కాదనకూడదన్న నిబంధనా ఉంది. ఇదీ ముందు ఎనిమిదేళ్లు, 2024లోనే తగ్గించారు. దాన్ని నమ్ముకుని దాచేద్దామంటారా? జబ్బు అయిదేళ్లు ఆగి వస్తుందా!

పాలసీ చేతికొచ్చాక బీరువాలో చీరల కింద పెట్టేస్తాం. అలా కాకుండా ఒక మధ్యాహ్నం తీరిగ్గా చదవండి. నచ్చకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. ముఖ్యంగా చూడాల్సింది గది అద్దె. మూడు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం అని ఉంటే మూడు వేలన్నమాట. మీరు ఆరు వేల గది తీసుకున్నారనుకోండి, తేడా మూడు వేలే కదా అనుకుంటారు. అదే పొరపాటు! డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లాంటివి కూడా అదే లెక్కన సగానికి కోస్తారు. అవి లక్ష అయితే యాభై వేలే చేతికొస్తాయి. అందుకే గది అద్దెకు పరిమితి లేని పాలసీకి కాస్త ఎక్కువైనా కట్టడం మేలని నా అభిప్రాయం.

గర్భసంచి తొలగింపు, గడ్డలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు వంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. నొప్పి మొదలయ్యాక కొందాంలే అనుకునేవాళ్లకు ఇది తెలియాలి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీలకు అది లేదు. నిరుటి రసీదుతో పోల్చి చూసుకోండి.

కొనేముందు ప్రభుత్వ పథకానికి అర్హత ఉందేమో కనుక్కోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి. ఇంట్లో డెబ్భై దాటిన అమ్మో, అత్తగారో ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుంది.

క్లెయిమ్ కాదంటే అంతటితో వదిలేయకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే ఏడాదిలోపు రాయాలి.

మా వీధి ఆవిడ కూడా రాసింది. కాగితాలన్నీ పెద్దమ్మాయే సర్దిపెట్టింది. ఇంకా తేలలేదు. కంపెనీ నుంచి ఫారం జిరాక్సు తెప్పించి చూస్తే ‘బీపీ ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని ఉంది. ఆ రాత ఏజెంటుది. కింద సంతకం మాత్రం ఆవిడదే.