మంచినీళ్ళ కోసం పుట్టిన పార్కు

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళే తల్లులు మనలో చాలామందే ఉన్నారు కదండీ! ఫిలడెల్ఫియా వైపు వెళితే, షూల్‌కిల్ నది ఒడ్డున ఉన్న ఫెయిర్‌మౌంట్ పార్కు తప్పక చూసి రండి. అది షికారు కోసం కాదు, ఇంటింటి మంచినీళ్ళ కోసం పుట్టిన పార్కు.

అప్పట్లో ఊరికి ఆ నది నీళ్ళే ముఖ్య ఆధారం. 1815 నాటికే ఒడ్డున నీళ్ళు తోడే యంత్రశాల కట్టారు. ఎగువన ఫ్యాక్టరీలు వస్తే నీళ్ళు పాడవుతాయని 1844లో లెమన్ హిల్ బంగళాను, దాని తోటను నగరం కొనేసింది. 1855లో అదే పార్కయింది. 1868లో విస్సహికన్ వాగు లోయను కూడా కలిపి, అక్కడి మిల్లులను క్రమంగా తీసేశారు. అయినా పై ఊళ్ళ మురికి వస్తూనే ఉంది. ఇసుకతో వడకట్టే కేంద్రాలు కట్టాకే టైఫాయిడ్ తగ్గింది. పాత యంత్రశాల 1909లో ఆగింది, భవనం మాత్రం చూడవచ్చు.

వాగు వెంట అయిదు మైళ్ళ పైచిలుకు బాట ఉంది. 1920ల నుంచి అక్కడికి కార్లు రానివ్వరు. నేల చదునే కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నా మెల్లగా నడవచ్చు. కొండదారులు ఎక్కాలంటే మాత్రం చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోండి.

నడుస్తూ ఒక్కమాట తలచుకోండి: మన ఊళ్ళోనైనా ఏటి ఒడ్డున పోసిన చెత్త ఎక్కడికీ పోదు, తిరిగి మన బిందెలోకే వస్తుంది.